ఎసరు పెట్టండి, గంజి మాత్రం మొత్తం పారబోయకండి

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే పదేళ్ల క్రితం మా ఇల్లు అచ్చం ఇలాగే ఉండేది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, వారానికి మూడుసార్లు డ్రైవ్ త్రూ (కారు దిగకుండానే బయటి తిండి కొనుక్కునే చోటు), వెళ్లినప్పుడల్లా 40 డాలర్లు, పోనీ ఇంట్లోనే పాస్తా చేద్దామంటే అది బంకముద్ద అవడం, పిల్లలు రెండు ముద్దలు తిని "బయట దానిలా లేదు" అని ప్లేటు పక్కకి నెట్టేయడం, ఇంటికొచ్చిన అత్తగారు చీజ్ ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి "ఇందులో ఏం కలుపుతారో" అనడం. మీరు అడిగినవి ముఖ్యంగా నాలుగు: బంక కాకుండా ఎలా, తక్కువ ఖర్చులో ఎలా, పిల్లలు తినేలా ఎలా, అత్తగారికి ఏ చీజ్ పెట్టొచ్చు అని. అన్నిటికీ చెప్తాను, కాకపోతే మీరడిగిన వరసలో కాదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, 2006లో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చినప్పుడు క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేశాను. క్లాసులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి చేయనివ్వరు కదా, ఆ ఇరవై గంటలూ మొదటి సెమిస్టర్ అంతా గిన్నెలు తోమడంలో, ఆ తర్వాత పాస్తా కౌంటర్ దగ్గర గడిచాయి. అక్కడ హెడ్ కుక్ ఒక పెద్దాయన ఉండేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు, తప్పు చేస్తే మాత్రం మన చేతిలోంచి గరిటె లాక్కుని తనే చేసి చూపించేవాడు. నాకు తెలిసిందంతా ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే.

ఆ పనిలో చేరకముందు నేను చేసిన పాస్తా గురించి కూడా చెప్పాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌లో గొట్టాల్లా ఉండే పెన్నే పాస్తా పోసి, నీళ్లు పోసి, పసుపు ఉప్పు వేసి, రెండు విజిల్స్ రానిచ్చాను. మూత తీసి చూస్తే గొట్టాలు లేవు, సంగటి ఉంది. నలుగురు రూమ్మేట్లం చుట్టూ నిలబడి కాసేపు దాన్నే చూశాం. ఒకడు పారేయడానికి మనసొప్పక ముద్దలు చేసి ఆవకాయ నంజుకుని తిన్నాడు, బాగానే ఉందన్నాడు కూడా.

తప్పెక్కడ జరిగిందో ఇప్పుడు తెలుస్తోంది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే అనుకుంటున్నాను. మనం కుక్కర్ అలవాటులో కొలిచి నీళ్లు పోసి, అవి ఇగిరిపోయేదాకా ఉడికిస్తాం. పాస్తాకి ఆ లెక్క కుదరదు. అది మన అమ్మమ్మలు వార్చిన అన్నం. పెద్ద గిన్నెలో ఎసరు పెట్టడం, ఎసరు బాగా మరిగాక బియ్యం పోయడం, మెతుకు పట్టి చూసి ఇంకా కాస్త పలుకు ఉండగానే సిబ్బి పెట్టి గంజి వార్చేయడం, ఆ వేడికి మిగతాది మగ్గడం. ఇందులో బియ్యం తీసి పాస్తా పెట్టండి, పని అయిపోయింది. ఇటాలియన్ వాళ్లు అల్ దెంతే అని పెద్ద పేరు పెట్టి చెప్పేది కూడా మన పలుకే, కొరికితే పంటికి తెలియాలి, అంతే.

నీళ్లు ఎక్కువ ఎందుకంటే, ఇక్కడ దొరికే పాస్తా పెట్టె ఒక పౌండు, అంటే 454 గ్రాములు. దాన్ని వేడినీళ్లలో వేయగానే పైనున్న పిండి తడిసి జిగురవుతుంది. మొదటి రెండు నిమిషాలే ప్రమాదం, అప్పుడు కలపకుండా వదిలేస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒకసారి అతుక్కుంటే ఎంత కలిపినా విడిపోవు. కాబట్టి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టండి, మూడున్నరైనా పర్లేదు, వేయగానే రెండు నిమిషాలు అక్కడే నిలబడి కలపండి. ఆ తర్వాత ఫోన్ చూసుకోండి, పిల్లల హోంవర్క్ చూసుకోండి, అప్పుడప్పుడూ ఒక కలుపు చాలు. చాలామంది అతుక్కోకుండా నూనె వేస్తామంటారు. నూనె నీళ్ల మీద తేలుతుంది తప్ప లోపలున్న పాస్తాకి ఏమీ చేయదు. పైగా వార్చేటప్పుడు పాస్తాకి పట్టుకుని, సాస్ దాని మీద నిలవకుండా జారిపోయేలా చేస్తుంది. నూనె బాటిల్ పక్కన పెట్టేయండి.

ఉప్పు విషయంలో మనవాళ్లు భయపడతారు. ఇటలీలో లెక్క లీటరు నీళ్లకి 10 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల పాస్తా. మామూలు సన్న ఉప్పయితే నాలుగు లీటర్లకి రెండు పెద్ద చెంచాలు. ఎక్కువ అనిపిస్తుంది గానీ సింహభాగం గంజితో పోతుంది. పాస్తా లోపలికి ఉప్పు ఎక్కే అవకాశం ఇదొక్కటే, తర్వాత పైన ఎంత చల్లినా ఉప్పు ఉప్పుగా, పాస్తా చప్పచప్పగా వేరేవేరేగా ఉంటాయి. పిల్లలు "బయట దానిలా లేదు" అంటున్నది సగం ఈ చప్పదనం గురించే అని నా అనుమానం. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఒక చెంచాతో సరిపెట్టండి, సాస్‌లో తగ్గించండి.

పెట్టె మీద 11 నిమిషాలు అని ఉంటే 9 నిమిషాలకి దించండి. దించే ముందు, ఇది మాత్రం మర్చిపోకండి, ఒక పెద్ద కప్పు ముంచి ఆ గంజి పక్కన పెట్టుకోండి. నేను పాస్తా కౌంటర్‌కి మారిన మొదటి వారంలో చిల్లుల గిన్నె సింక్‌లో పెట్టి గంజంతా కింద పోసేస్తుంటే పెద్దాయన పరుగున వచ్చాడు, ఆయన పరిగెత్తడం అదొక్కసారే చూశాను. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చేసి చూపించాడు: పెనంలో టమాటా సాస్ ఒకపక్క, నూనె తేలి ఇంకోపక్క ఉంది, రెండు గరిటెల గంజి పోసి మంట పెంచి పాస్తా వేసి గబగబా ఎగరేస్తే నిమిషంలో నూనె, నీళ్లు, టమాటా మూడూ కలిసిపోయి నిగనిగలాడుతూ ప్రతి ముక్కకీ పట్టుకున్నాయి. గంజిలోని పిండి నూనెనీ నీళ్లనీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. మన ఇళ్లలో పాస్తా కింద ఎర్రనీళ్లు మడుగు కట్టి, పైన తెల్లటి పాస్తా పొడిగా కనిపిస్తుందే, దానికి మందు ఇదే. చల్లటి కుళాయి కింద పాస్తా కడగడం కూడా మానేయండి, ఆ పిండే కదా మనకి కావలసింది. సలాడ్‌కైతే కడగొచ్చు.

ఇక ఖర్చు. మీరు డాలస్ వైపే అన్నారు కాబట్టి మా ఇంటి పక్క దుకాణంలో నేను ఈమధ్య కొన్న లెక్కే చెప్తున్నాను, సెంట్లు అటూఇటూ అవుతాయి. దుకాణం సొంత బ్రాండ్ పాస్తా పెట్టె ఒకటింపావు డాలర్. 28 ఔన్సుల టమాటా డబ్బా 2 డాలర్లు. ఒక ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి గడ్డ కలిపి డాలరు. నూనె అరవై సెంట్లది అనుకోండి. ఫ్రోజెన్ బ్రోకలీ ప్యాకెట్ ఒకటిన్నర. చీజ్ ముక్క పెద్దది కొంటే ఒక పూటకి వాడేది ఒకటిన్నర డాలర్ లోపే. మొత్తం 8 డాలర్లు దాటదు. నలుగురు తినగా మర్నాడు ఒక బాక్సుకి మిగులుతుంది. పెట్టె మీద ఎనిమిది మందికి అని రాస్తారు, అది నమ్మకండి, మనిషికి 56 గ్రాముల చొప్పున వేసిన లెక్క అది, ఎదిగే పిల్లలున్న ఇంట్లో నలుగురికీ ఇంకో చిన్న డబ్బాకీ సరిపోతుంది. ఇంకోటి, మన టెక్సస్‌లో పాస్తా, టమాటా డబ్బా లాంటి సరుకుల మీద సేల్స్ టాక్స్ లేదు, వండిన తిండి కొంటే మాత్రం డాలస్‌లో 8.25 శాతం పడుతుంది. 40 డాలర్ల మీద అది మూడు డాలర్ల పైమాటే, అంటే టాక్సు డబ్బుతో రెండు పాస్తా పెట్టెలు వస్తాయి.

కానీ నిజం చెప్పాలంటే డబ్బు లెక్క మీకు ముందే తెలుసు. వారానికి మూడుసార్లు 40 అంటే ఎంతో ఎవరూ మనకి చెప్పక్కర్లేదు. మనం డ్రైవ్ త్రూకి వెళ్లేది లెక్క తెలియక కాదు, సాయంత్రం ఆరున్నరకి ఒంట్లో ఓపిక లేక. ఆ టైములో కూరగాయలు తరగాలి, పప్పు నానబెట్టాలి, చపాతీ పిండి కలపాలి అంటే కారు తాళాలే చేతికొస్తాయి. అందుకే పాస్తా అంటున్నాను. అది మిగతా తిండికంటే గొప్పదని కాదు, అలమరలో నెలల తరబడి పాడవకుండా కూర్చుంటుంది, తరిగే పని దాదాపు ఉండదు, ఎసరు మరిగేలోపు సాస్ సగం అయిపోతుంది. నేను గడియారం పెట్టి చూశాను, స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచి ప్లేట్లలో పెట్టేదాకా 28 నిమిషాలు. మా ఇంటి నుంచి డ్రైవ్ త్రూకి వెళ్లి, లైన్లో ఉండి, ఇంటికొచ్చి కవర్లు విప్పేసరికి ఎప్పుడూ అరగంట దాటేది, అదీ సాస్ ప్యాకెట్లు ఇవ్వడం మర్చిపోని రోజు.

కాబట్టి వంట నేర్చుకోవడం కంటే ముందు చేయాల్సింది అలమర నింపడం. పాస్తా నాలుగు పెట్టెలు, టమాటా డబ్బాలు నాలుగు, కాబూలీ సెనగల డబ్బాలు రెండు, ఫ్రిజ్‌లో చీజ్ ముక్క, ఫ్రీజర్‌లో పాలకూర, బ్రోకలీ. వెల్లుల్లి ఎలాగూ మన ఇళ్లలో ఉంటుంది. ఇవి లేని రోజే మనం ఓడిపోతాం.

టమాటా డబ్బా కొనేటప్పుడు ఒక చిన్న సంగతి. ముక్కలుగా కోసి ఉన్న డైస్డ్ టమాటా కొనకండి. ఆ ముక్కలు డబ్బాలో మెత్తబడిపోకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, అందుకే గంటసేపు ఉడికించినా అవి ముక్కలు ముక్కలుగానే ఉంటాయి, సాస్ కాదు. క్రష్డ్ (నలిపినది) అని ఉన్నది గానీ, హోల్ పీల్డ్ (తొక్క తీసిన మొత్తం కాయలు) గానీ తీసుకోండి, రెండోదైతే చేత్తో నలిపి వేయొచ్చు, పిల్లలకి ఈ పని ఇవ్వండి, చొక్కాలు పాడవుతాయి గానీ వాళ్లు నలిపింది వాళ్లు తింటారు. శాన్ మార్జానో అని ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర పండే కోల టమాటాలు ఉంటాయి, వాటి డబ్బా రెట్టింపు ధర, మంచివే, మామూలు మంగళవారం సాయంత్రానికి అవసరం లేదు.

సాస్ ఇలా. వెడల్పు పెనంలో మూడు నాలుగు చెంచాల ఆలివ్ నూనె, మీ దగ్గర ఏ నూనె ఉంటే అది, వేరుశనగ నూనె మాత్రం వద్దు, దాని వాసన ముందుకొస్తుంది. నూనె బాగా కాగకముందే ఆరు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేయండి. ఇక్కడ మన పోపు అలవాటు మానుకోవాలి. మనకి వెల్లుల్లి ఎర్రగా వేగి చిటపటలాడాలి, ఇక్కడ లేత బంగారు రంగు దాటితే చేదెక్కి ఆ చేదు సాసంతా ఉంటుంది. అంచులు రంగు మారుతున్నాయి అనగానే అర చెంచా చిల్లీ ఫ్లేక్స్, పిల్లలకి కారం పడకపోతే పావు చెంచా, వెంటనే సన్నగా తరిగిన ఉల్లిపాయ. ఇటాలియన్లు చాలామంది ఉల్లి, వెల్లుల్లి రెండూ ఒకే సాస్‌లో వేయరు, ఏదో ఒకటే. నేను వేస్తాను, ఉల్లి తీపికి టమాటా పులుపు తగ్గుతుంది, చక్కెర అక్కర్లేదు. ఉల్లి మెత్తబడ్డాక టమాటా డబ్బా పోసి, డబ్బాలో కాసిని నీళ్లు పోసి కడిగి అవీ పోసి, ఉప్పు, ఒరెగానో అనే ఎండు ఆకు అర చెంచా నలిపి వేసి, మధ్యస్థం మంట మీద వదిలేయండి. ఎంతసేపు అంటే మనకి తెలిసిందే, పచ్చి వాసన పోవాలి, అంచుల్లో నూనె తేలాలి. పదిహేను నిమిషాలు. టమాటా పప్పు చేసే చేతికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఈలోపు పక్క స్టవ్ మీద ఎసరు మరిగి ఉంటుంది.

పాస్తా వార్చి సాస్‌లో వేసి, గంజి రెండు గరిటెలు పోసి, మంట పెంచి రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి. పెట్టె మీద రాసినదాంట్లో మనం మిగిల్చిన రెండు నిమిషాలు ఇవే, ఈ రెండూ నీళ్లలో కాక సాస్‌లో ఉడకాలి. గట్టిపడినట్టుంటే ఇంకో గరిటె గంజి. స్టవ్ ఆపేసి అప్పుడు చీజ్, ఒక చిన్న వెన్న ముక్క. మంట మీద చీజ్ వేస్తే తీగలు సాగి ఉండలు కడుతుంది.

చీజ్ డబ్బాలో పొడిగా వచ్చేది కొనకండి, అతుక్కోకుండా చాలావాటిలో సెల్యులోజ్ అనే మొక్కల పీచు కలుపుతారు, సరిగా కరగదు. ముక్క కొని తురుముకోండి, వారాలు ఉంటుంది. ఇక అత్తగారి అనుమానం, ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉందండీ. పార్మిజానో రెజ్జానో అని పూర్తి పేరు ఉన్న అసలు ఇటాలియన్ చీజ్ చేయడానికి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే, వాళ్ల నియమమే అది. పూర్తి శాకాహారులకి అది పనికిరాదు. అమెరికాలో తయారై ఉత్త పార్మెజాన్ అని అమ్మేవాటిలో కొన్నిటికి మైక్రోబియల్ (సూక్ష్మజీవులతో చేసిన) రెన్నెట్ లేదా వెజిటేరియన్ రెన్నెట్ వాడతారు, లేబుల్ మీద ఆ మాట ఉంటే తీసుకోండి, ఉత్త ఎంజైమ్స్ అని ఉంటే ఏ రకమో తెలియదు కాబట్టి ఆవిడకి పెట్టకండి. పాస్తా మటుకు పెట్టెలో ఎండుగా వచ్చేది సాధారణంగా గోధుమ రవ్వ, నీళ్లే, గుడ్డు ఉండదు. ఎగ్ నూడుల్స్ అని ఉన్నవాటిలోనూ, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే తాజా పాస్తాల్లో చాలావాటిలోనూ గుడ్డు ఉంటుంది.

చీజ్ అసలు వద్దంటే దక్షిణ ఇటలీ వాళ్ల ఉపాయం ఒకటుంది. అక్కడ చీజ్ కొనలేని ఇళ్లలో ఎండిపోయిన రొట్టెని పొడి చేసి, నూనెలో వెల్లుల్లితో కరకరలాడేలా వేయించి పాస్తా మీద చల్లుకునేవాళ్లు. మన ఇళ్లలో బ్రెడ్ ప్యాకెట్ చివరి ముక్కలు ఎవరూ తినరు కదా, పారేసే బదులు మిక్సీలో ఒక తిప్పు తిప్పి వేయించండి. మా చిన్నాడు చీజ్ కంటే అదే ఎక్కువ అడుగుతాడు.

పిల్లల సంగతి. మీవాళ్ల వయసు ఎనిమిది, ఐదు అన్నారు. వాళ్లకి స్పగెట్టీ పెట్టకండి, సగం బట్టల మీదే ఉంటుంది, మెలికలు తిరిగిన రొటీనీ గానీ గవ్వల్లా ఉండే షెల్స్ గానీ పెట్టండి, ఆ మెలికల్లో సాస్ ఇరుక్కుంటుంది కాబట్టి ప్రతి ముద్దకీ రుచి తగులుతుంది. బ్రోకలీ విడిగా చేయక్కర్లేదు, పాస్తా దించడానికి మూడు నిమిషాల ముందు అదే నీళ్లలో పోసేయండి, ఒక గిన్నె కడిగే పని తప్పుతుంది. పాలకూరైతే సాస్‌లో కలిపేయొచ్చు. పిల్లలకి తెలియకుండా దాచిపెట్టి తినిపించడం మాత్రం నేను చేయను, మా పెద్దది ఒకసారి కనిపెట్టి నెల రోజులు ఏ ఎర్ర సాసూ ముట్టుకోలేదు.

కడుపు నిండడం లేదు, గంటకే మళ్లీ ఆకలంటున్నారు అని కూడా రాశారు. ఉత్త పాస్తా, టమాటా అయితే ఆకలేస్తుంది మరి. ఎర్ర మసూర్ పప్పు అర కప్పు కడిగి, టమాటా పోసినప్పుడే ఒకటిన్నర కప్పు నీళ్లతో సహా సాస్‌లో వేసేయండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో కరిగిపోయి కీమా వేసినట్టు చిక్కగా అవుతుంది. ఆరోజు ఎసరు ఒక పది నిమిషాలు ఆలస్యంగా పెట్టుకోండి, అంతే. కందిపప్పు వేయకండి, అంత త్వరగా ఉడకదు, ఉడికాక సాంబారు గుర్తొస్తుంది. లేదా సెనగల డబ్బా నీళ్లు వంపేసి సగం మెదిపి వేయండి. పాస్తా, సెనగలు కలిపి తినడం ఇటలీలో పాతకాలం నుంచీ పేదింటి భోజనమే. మాంసం తినేవాళ్లయితే అర పౌండు చికెన్ కీమా ఉల్లితో పాటు వేయించండి, నలుగురికి అర పౌండు చాలు.

సీసాలో రెడీమేడ్ సాస్ వాడితే తప్పా అని అడిగారు. ఏం తప్పు లేదు, బాగా అలసిపోయిన రోజు నేనూ వాడతాను. లేబుల్ మీద కలిపిన చక్కెర ఎంతో చూసి తక్కువున్నది తీసుకోండి, వెల్లుల్లి వేయించి దాంట్లో పోసి, గంజి కలపడం మాత్రం మానకండి. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో పాస్తా కూడా వస్తుంది గానీ నా కుక్కర్ కథ విన్నాక మీరే ఆలోచించుకోండి.

అలమర కూడా ఖాళీ అయిన రోజుకి ఇంకోటి ఉంది. ఇటలీలో నేపుల్స్ ఊరి వైపు వాళ్లు అల్యో ఎ ఓల్యో అంటారు, అంటే వెల్లుల్లి, నూనె, అంతే. స్పగెట్టీ ఉడికేలోపు ఆరేడు చెంచాల నూనెలో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు పలుచగా కోసి సన్న మంట మీద వేయించి, ఎండుమిర్చి తుంచి వేసి, పాస్తా వేసి, గంజి కాస్త ఎక్కువ పోసి కలిపేయడమే. వేడి అన్నంలో వెల్లుల్లి కారం, నూనె కలుపుకుని తిన్నవాళ్లకి ఇది కొత్త రుచి కాదు. రెండు డాలర్లలో ఇల్లంతా తినొచ్చు.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు ఇది చూస్తే కోప్పడుతుంది కాబట్టి ఒక మాట. ఇండియాలో పాస్తా చవక తిండి అని నేను అనను, అక్కడ ఉప్మా, పులిహోరల ముందు అది నిలవదు, బయటి పిజ్జాతో పోలిస్తేనే చవక. అక్కడ కొనేవాళ్లు ప్యాకెట్ మీద దురుమ్ వీట్ (గట్టి రకం గోధుమ) అని ఉందో లేదో చూసుకోండి, మైదాతో చేసినవి ఎంత జాగ్రత్తగా వార్చినా మెత్తబడిపోతాయి. డబ్బా టమాటా అక్కడ ఖరీదు, తాజావి కొని వేడినీళ్లలో వేసి తొక్క తీసి వాడుకోవడమే మేలు. మదనపల్లె వైపు నుంచి వచ్చే గట్టి హైబ్రిడ్ టమాటాల్లో కండ ఎక్కువ కాబట్టి సాస్ త్వరగా చిక్కబడుతుంది, నాటువి బాగా పుల్లగా, నీళ్లగా ఉంటాయి, సగం సగం కలిపితే బావుంటుంది. మసాలా పాస్తా అని గరం మసాలా, క్యాప్సికం, స్వీట్ కార్న్ వేసి చేసేది వేరే వంటకం, అదీ నాకిష్టమే, దాని జోలికి ఇప్పుడు పోను.

మిగిలినదాని గురించి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, రాత్రంతా స్టవ్ మీద వదిలేయకండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. మర్నాటికి పాస్తా సాసంతా పీల్చేసుకుని పొడిబారుతుంది, మైక్రోవేవ్‌లో ఉత్తగా పెడితే రబ్బరవుతుంది, రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టి వేడి చేయండి. సాస్ ఎప్పుడూ రెండు డబ్బాలతో చేసి సగం జిప్ కవర్లో పోసి, ఫ్రీజర్‌లో పలుచగా పరిచి పెట్టండి, వచ్చే వారం 28 నిమిషాలు కాస్తా 20 అవుతుంది. పిల్లల లంచ్ థర్మాస్‌లో పెట్టేటప్పుడు ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి అప్పుడు పాస్తా పెట్టండి, మధ్యాహ్నానికి ఇంకా వేడిగా ఉంటుంది.

నేపుల్స్ వాళ్లు మిగిలిపోయిన స్పగెట్టీతో చేసేది ఇంకోటుంది, మా ఇంట్లో శనివారం పొద్దున టిఫిన్ ఇదే. నాలుగు గుడ్లు గిలక్కొట్టి, రాత్రి పాస్తా రెండు కప్పులు, మిరియాల పొడి, ఉంటే చీజ్ కలిపి, మందపాటి పెనంలో నూనె రాసి పోసి, మూత పెట్టి సన్న మంట మీద వదిలేయండి. దిబ్బరొట్టె కాల్చినట్టే, తొందరపడి తిప్పకూడదు. పది నిమిషాలకి అంచులు పెనం వదిలి, అడుగు ఎర్రగా కాలిన వాసన వస్తుంది, అప్పుడు ఒక ప్లేటు బోర్లించి తిరగేసి, రెండోవైపు ఐదు నిమిషాలు. కోసేటప్పుడు కరకరమని చప్పుడు రావాలి, రాలేదంటే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి.